యంత్రము వ్రాయు ఫిర్యాదు

కంప్యూటరుపై పని చేయుచుండగా ఒక ప్రోగ్రాము ఉన్నట్లుండి ఆగిపోవుట, తెరమీది కిటికీ మాయమగుట, దాని స్థానమున ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమగుట నేడు బడి పిల్లలకును పరిచితమైన విషయమే. ప్రోగ్రాము అనుకోకుండ ఆగినదనియు, ఆ వివరములను తయారుచేసిన వారికి పంపవచ్చునా యనియు ఆ పెట్టె అడుగును. పలువురు దానిని చదువకయే ఏదో ఒక మీట నొక్కి తమ పనిలో పడుదురు. పంపినచో ఆ వివరములు ఎక్కడికి పోవును? వానిని చదువువారెవరు? చదివినచో వారికి తెలియునదేమి, తెలియనిదేమి? స్వేచ్ఛా సాఫ్టువేరు నేడు బడులలోను, కార్యాలయములలోను, ప్రతివారి జేబులోని ఫోనులోను చొచ్చుకొనిపోయినది. కావున దాని లోపములు పైకి తెలియు మార్గమెంత చక్కగా నున్నదో విచారింపదగియున్నది.

స్వేచ్ఛా సాఫ్టువేరు అనగా మూలపాఠము అందరికిని తెరచి యుంచబడినది. ఎవరైనను దానిని చదువవచ్చును, మార్చవచ్చును, పంచిపెట్టవచ్చును. దానిని తయారుచేయువారు పలు దేశములలో చెదరియుందురు. వారిలో వేతనము లేక పనిచేయువారు అనేకులు. 1998 మార్చి 31న నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజరు మూలపాఠమును లోకమునకు విడుదల చేసినది. మొజిల్లా అను పేర ఆరంభమైన ఆ ప్రయత్నముతోబాటు, అదే సంవత్సరమున, బగ్‌జిల్లా అను బహిరంగపు లోపముల పట్టికయు వెలువడినది. లోపమును కనుగొన్న వారెవరైనను అందు వ్రాయవచ్చును.

కాని వ్రాయుట సులభము కాదు. "లెక్క రాలేదండీ" అని విద్యార్థి చెప్పినచో ఉపాధ్యాయునకు ఏమి తెలియును? ఏ లెక్క, ఎన్నవ మెట్టు, ఏ సూత్రము వాడినాడు అని అడిగి తెలిసికొనవలెను. "ప్రోగ్రాము పనిచేయుట లేదు" అను ఫిర్యాదును ఇట్టిదే. 2008లో బెటెన్‌బర్గ్ మున్నగు పరిశోధకులు అపాచీ, ఎక్లిప్స్, మొజిల్లాలకు చెందిన నిర్మాతలను, ఫిర్యాదీలను ప్రశ్నించి ఒక విచిత్రమును వెల్లడించిరి. లోపమును మరల పుట్టించుటకు చేయవలసిన మెట్లు, ప్రోగ్రాము పడిపోయినప్పటి పిలుపుల వరుస: నిర్మాతలకు మిక్కిలి ఉపకరించునవి ఇవియే. ఫిర్యాదు చేయువారికి సమకూర్చుట కష్టమైనవియు ఇవియే. ఈ రెంటిలో రెండవదానినైనను యంత్రముచేతనే వ్రాయించవలెనను ప్రయత్నము అంతకు చాల ముందే మొదలైనది.

పిలుపుల వరుస యననేమి? ప్రధానోపాధ్యాయుడు జీతముల బిల్లును ఖజానాకు పంపుమని గుమాస్తాకు చెప్పినాడు. గుమాస్తా బంట్రోతును పంపినాడు. బంట్రోతు దారిలో పడిపోయినాడు. దారినపోవువారు అతనిని లేపి "నిన్నెవరు పంపిరి?" అని అడిగి, ఆ గుమాస్తానెవరు పంపిరని అడిగి, మొదటి వరకు పోయినచో వచ్చు పేర్ల జాబితాయే పిలుపుల వరుస. ప్రోగ్రాములో ఒక భాగము మరియొక భాగమును పిలుచును, అది వేరొకదానిని. పతన సమయమున ఏ భాగము ఎవరి పిలుపుపై పనిచేయుచుండెనో జ్ఞాపకశక్తిలో గుర్తులుండును.

ఈ గుర్తులను సేకరించుటలో మెచ్చుకొనదగిన నేర్పు కలదు. పడిపోయిన ప్రోగ్రాము తన జ్ఞాపకశక్తి చెదరిన స్థితిలో నుండును. దానిచేతనే సావధానముగా ఉత్తరము వ్రాయించుట ప్రమాదకరము. 2008లో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 3 నుండి మొజిల్లా వారు ఉపయోగించిన బ్రేక్‌ప్యాడ్ అను ఉపకరణము అందుచేతనే వీలైనంత తక్కువ పనిచేయును. పిలుపుల జాడలున్న జ్ఞాపకభాగములను, ప్రాసెసరులోని అంకెలను, అప్పుడు వాడుకలోనున్న భాగముల జాబితాను ఒక చిన్న ఫైలుగా దించి ఊరకుండును. అందు పేర్లుండవు, అంకెలే యుండును. సాకరో అను సర్వరు ఆ అంకెలను తన యొద్దనున్న పట్టికలతో పోల్చి పేర్లుగా మార్చును. వరుసలో పైనున్న పేర్లను కూర్చి ప్రతి ఫిర్యాదుకు ఒక "ముద్ర" వేయును. ఒకే ముద్ర గలవన్నియు ఒకే రాశిలో పడును. ఏ రాశి పెద్దదో దానిని ముందు విచారింతురు.

ఇట్లు రాశులు పోయుట వలన కలిగిన మేలు స్వల్పము కాదు. స్వేచ్ఛా సాఫ్టువేరుకు చెందని ఉదాహరణమైనను ఇచట చెప్పదగినది: తమకు చేరిన యంత్రపు ఫిర్యాదులను బట్టి చూడగా, నూటికి ఇరువది లోపములే నూటికి ఎనుబది చిక్కులకు కారణమనియు, నూటికి ఒక్క లోపమే సగము చిక్కులను కలిగించుచున్నదనియు 2002లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ ప్రకటించెను. ఏ మనిషియు కూర్చుండి చదివి కనుగొనగలిగిన సంగతి కాదిది.

ఐనను ముద్రను చూచి రోగమును చూచితిమనుకొనుట పొరపాటు. బంట్రోతు పడిన చోటు మనకు తెలిసినది. కాని గుమాస్తా ముందు రోజే తప్పు చిరునామా వ్రాసియుండిన? ఒక భాగము తనకిక అక్కరలేదని విడిచిపెట్టిన జ్ఞాపకస్థలమును మరియొక భాగము ఎరుగక వాడుకొనుటయే ఎన్నియో పతనములకు మూలము. అపరాధి ఎప్పుడో తన పని ముగించుకొని వెళ్లిపోవును. వరుసలో దొరకునది అమాయకుడు. ఒకే మూలదోషము పది చోట్ల పది ముద్రలతో పైకి వచ్చును. అట్లే వేర్వేరు దోషములు ఒకే ముద్రలో కలిసిపోవును. జ్ఞాపకశక్తి చాలక పడిపోయిన వాటికన్నిటికి మొజిల్లా పట్టికలో "ఊమ్" అను మొదటి మాటతో ముద్ర పడును. జ్ఞాపకశక్తిని మ్రింగినదెవరో ఆ ముద్ర చెప్పదు; చివరి పిడికెడు అడిగి లేదనిపించుకొన్నదెవరో మాత్రమే చెప్పును. లోపము ప్రోగ్రాములోనిది కాక, చెడిన మెమొరీ చిప్పులోనిదై యుండుటయు కలదు. అట్టి అనుమానమును గుర్తించు ఏర్పాటు మొజిల్లా విశ్లేషణలో తరువాత చేరినది.

నకలు ఫిర్యాదులు వ్యర్థములను భావమును పునరాలోచింపదగినది. నకళ్లు తమకంత హాని చేయుటలేదనియు, ఒక్కొక్క నకలులో ఒక్కొక్క క్రొత్త వివరము దొరకుననియు నిర్మాతలే చెప్పినట్లు 2008లోనే మరియొక పరిశోధన తెలిపినది. రాశి పోయు యంత్రము ఈ వివరములను లెక్కగా మార్చివేయును. ఇంకొక సంగతి. సర్వసాధారణముగా వాడబడు ఫైర్‌ఫాక్స్ నుండి వచ్చు ఫిర్యాదులలో సుమారు నూటికి పదింటినే సర్వరు విచారణకు స్వీకరించును. తరచుగా వచ్చు లోపములను పట్టుటకు ఆ నమూనా చాలును. గంగాళములోని అన్నమునకు ఒక మెతుకు పట్టి చూచినట్లే. కాని అరుదైన లోపము మెతుకు వంటిది కాదు, అందులోని రాయి వంటిది. కొద్దిమంది మాత్రమే వాడు భాషకో, లిపికో చెందిన లోపము సంఖ్యాబలముపై పైకి రానేరదు.

లిపి యనగానే తెలుగువారికి జ్ఞాపకము రావలసినది 2018 ఫిబ్రవరి నాటి ఉదంతము. ఆ నెలలో "జ్ఞా" అను తెలుగు అక్షరము ప్రపంచమందలి వార్తాపత్రికలకు ఎక్కినది. ఆ అక్షరమున్న సందేశము వచ్చినంతనే ఆపిల్ వారి ఐఫోనులలో ఆ సందేశపు ప్రోగ్రాము కూలిపోయెను. ఆ సందేశము ప్రకటనగా తెరపై కనబడినచో ఫోనును నడుపు ముఖ్యపు తెరయే కూలెను. ఆపిల్ వారు ఫిబ్రవరి 19న 11.2.6 కూర్పును విడుదల చేసి సరిదిద్దిరి. ఆ ఫోనుల సాఫ్టువేరు స్వేచ్ఛా సాఫ్టువేరు కాదు. ఐనను యంత్రపు ఫిర్యాదుకు గల శక్తి ఎంతయో, అశక్తి ఎంతయో ఇంత స్పష్టముగా చూపు దృష్టాంతము మరియొకటి దొరకుట కష్టము.

అట్టి పతనమునుండి పిలుపుల వరుసను తీసినచో అక్షరములను తెరపై పేర్చు భాగముల పేర్లు దొరకును. ఏ అక్షరమును పేర్చుచుండగా కూలినదో దొరకదు. దొరకకూడదు కూడ! ఇతరుల సొంత సందేశములను ఫిర్యాదులో కలిపి పంపుట తగదు గదా. సరే, ఫోను వాడువాడు కంటితో చూచినాడు. "జ్ఞా వచ్చినచో పడిపోవుచున్నది" అని వ్రాయును. అదియు చాలదు. దానిని చదివిన నిర్మాత తన మీటలపై "విజ్ఞానము" అని వ్రాసి చూచినచో ఏమియు జరుగదు. ఏలయన ఆ కూర్పులో ఉండినవి ఐదు సంకేతములు: జకారము, పొల్లు, ఞకారము, దాని తరువాత కంటికి కనబడని ఒక విభజన సంకేతము, పిమ్మట దీర్ఘము. నాలుగవది లేనిచో అపాయము లేదు. దానికి వెడల్పు లేదు, రూపము లేదు. తెరపై చూచువానికి అది ఉన్నదని తెలియదు. సంకేతములను ఒక్కొక్కటిగా మార్చి మార్చి పరీక్షించిన పిమ్మటనే దోషము తెలుగునకు పరిమితము కాదనియు, బెంగాలీ, దేవనాగరి లిపులందును కొన్ని కూర్పులు అట్లే చేయుననియు మనీశ్ గోరేగావ్‌కర్ అను ప్రోగ్రాము రచయిత చూపెను.

ఇచట యంత్రమునకు తెలిసినది సగము, మనిషికి తెలిసినది సగము. రెండును కలిసినను కావలసినది పూర్తి కాదు. కావలసినది దోషమును పుట్టించిన ఆ వస్తువే, ఉన్నదున్నట్లుగా. 1947 సెప్టెంబరు 9న హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన రిలేల కంప్యూటరులో ఒక చిమ్మట చిక్కుకొని పని ఆగినప్పుడు, అచటివారు ఆ చిమ్మటనే తీసి నమోదు పుస్తకపు పుటపై అంటించిరి. ఆ పుస్తకము నేడు అమెరికాలో స్మిత్‌సోనియన్ వారి చరిత్ర ప్రదర్శనశాలలో నున్నది. దానిని తమాషా కథగా చెప్పుకొందురు గాని, ఫిర్యాదుకు సాక్ష్యమును జతచేయుటలో అంతకంటె మంచి పద్ధతి లేదు.

సాక్ష్యము కావలెనన్నచో రహస్యము బయటపడును; ఇది ఈ శాస్త్రమందలి పెద్ద చిక్కు. 2006 అక్టోబరులో వెలువడిన ఉబుంటు 6.10లో ప్రవేశపెట్టిన యాపోర్ట్ అను ఉపకరణము పతనమైన ప్రోగ్రాము యొక్క జ్ఞాపకశక్తినంతటిని నకలు తీయును. అందు సంకేతపదములుండవచ్చును, ఉత్తరములుండవచ్చును. కావున ఆ ఫిర్యాదును మొదట బహిరంగము చేయక, పేర్లను రాబట్టిన పిమ్మట నకలును చెరిపివేయుదురు. ఫెడోరా వారు వేరొక దారి త్రొక్కి, లోపలి వస్తువులేవియు లేక పేర్లు మాత్రమే గల సూక్ష్మ ఫిర్యాదులను కల్పించిరి. రెండవది నిరపాయము. కాని "జ్ఞా" వంటి దోషము ఎదురైనప్పుడు అది మూగది.

పంపినవానికి జవాబు చేరునా అను ప్రశ్నకు ఈ రంగమున తగినంత గౌరవము దక్కలేదు. 2012 ఏప్రిలులో వచ్చిన ఉబుంటు 12.04 నుండి సామాన్యులు పంపు పతన వివరములు ఒక గణాంకశాలకు పోవుచున్నవి. రోజుకు ఎన్ని పతనములో అచట గీతలు గీయబడును. సాఫ్టువేరు ఆరోగ్యమును కొలుచుటకు అది మంచి సాధనము. పంపినవానికి మాత్రము ఫిర్యాదు సంఖ్యయు లేదు, ప్రత్యుత్తరమును లేదు. ఇంతకంటె ఫైర్‌ఫాక్స్ మేలు: వాడువాడు తన పాత ఫిర్యాదుల జాబితాను తెరచి, వాటి ముద్రకు సంబంధించిన లోపపు పట్టికవరకు పోయి చూడవచ్చును. కాని అట్లు చూడవచ్చునని ఎందరికి తెలియును? డెబియన్ వారి రిపోర్ట్‌బగ్ చూచుటకు పాతకాలపుది, ఈమెయిలుపై నడచునది. అది మొదట ఆ ప్రోగ్రాముపై ఇదివరకున్న ఫిర్యాదులను చూపి, "మీది వీటిలో ఒకటి కాదుగదా?" అని అడుగును. కూర్పుల సంఖ్యలను తానే చేర్చి, జరిగిన కథను మనిషిచే వ్రాయించును. అందినదని ఒక సంఖ్యతో జవాబు వచ్చును. లోపము తీరిననాడు ఎట్లు తీరినదో తెలుపు ఉత్తరము మరల వచ్చును. సొంపైన పెట్టెలు, రంగులు లేకపోయినను, యంత్రమునకు యంత్రపు పనియు మనిషికి మనిషి పనియు పంచియిచ్చినది ఇదియే. ఇంగ్లీషు వ్రాయలేనివారికి మాత్రము ఇదియు, తక్కిన పట్టికలును దాదాపు మూసిన తలుపులే.

ఇంతవరకు చెప్పినవి పడిపోయిన తరువాత వ్రాయు యంత్రములు. పడగొట్టుటకే పుట్టిన యంత్రములును కలవు. అవి ప్రోగ్రామునకు అడ్డదిడ్డమైన వస్తువులను తినిపించి, ఏది మ్రింగినచో కూలునో కనిపెట్టును. గూగుల్ వారు 2016 డిసెంబరులో ఓఎస్‌ఎస్-ఫజ్ అను పేర ఇట్టి సేవను స్వేచ్ఛా సాఫ్టువేరుకు ఉచితముగా నిచ్చిరి. 2023 ఆగస్టు నాటికి 1,000 ప్రాజెక్టులలో 10,000కు పైగా భద్రతా లోపములును, 36,000 ఇతర లోపములును దీనివలన బయటపడి సవరింపబడినట్లు వారి ప్రకటన. కూల్చిన వస్తువును ఈ యంత్రము కోసి కోసి, ఇంక తగ్గింప వీలులేనంత చిన్నదిగా చేసి ఫిర్యాదుకు జతచేయును; నిర్మాతలు సరిదిద్దిన పిమ్మట అదే వస్తువును మరల ప్రయోగించి చూచి ఫిర్యాదును తానే మూసివేయును. ఇది చిమ్మటను పుటకు అంటించుటయే. ఆ వస్తువు ఎవరి ఉత్తరమును కాదు, యంత్రము కల్పించినది. కావున రహస్యభంగమను చిక్కును లేదు.

లినక్స్ కెర్నెలునకు 2017 నుండి ఇట్టి పని చేయుచున్నది సిజ్‌బాట్. అది ఫిర్యాదుతోబాటు లోపమును పుట్టించు చిన్న ప్రోగ్రామును పంపును. నిర్మాత ఒక సవరణను పంపి "పరీక్షించు" అన్నచో పరీక్షించి ఫలితము చెప్పును. ఏ మార్పు వలన లోపము వచ్చినదో సగము సగముగా విభజించి వెదకుట దాని మరియొక విద్య. 1,000 మార్పులలో దోషియైనదానిని పది పరీక్షలలో పట్టవచ్చునని విద్యార్థులు లెక్కించి చూడగలరు. అయితే కొన్ని లోపములు ప్రతిమారు పైకి రావు. పది పరీక్షలలో ఐదు చెడ్డ కూర్పులపై జరిగినవనుకొందము. చెడ్డ కూర్పును పరీక్షించినప్పుడు పదింట ఒకసారి లోపము దాగినచో, ఐదింటిని తప్పు లేక గుర్తించు సంభావ్యత 0.9ను ఐదుమార్లు గుణించినంత, అనగా 0.59 మాత్రమే. ఒక్కచోట తప్పినచో ఆ పిమ్మటి మెట్లన్నియు తప్పుదారినే పోవును. ప్రతి కూర్పును మూడేసిసార్లు పరీక్షించినచో ఆ సంభావ్యత 0.995కు పెరుగును, అందుకే పలుమార్లు పరీక్షింతురు. ఐనను నడుమ వేరొక లోపము అడ్డువచ్చినచో యంత్రము దానినే ఇదియనుకొని నిరపరాధిపై నేరము మోపుట కలదు. ఆ నేరారోపణ ఉత్తరముగా ఒక మనిషికి చేరునని మరువరాదు.

లోపమును కనుగొను ఖర్చు నానాటికి తగ్గుచున్నది. దానిని చదివి, నిజమో కాదో తేల్చి, సరిదిద్దు ఖర్చు తగ్గలేదు. అది మనుష్యులే భరించుచున్నారు. 2025లో గూగుల్ వారి బిగ్ స్లీప్ అను కృత్రిమ మేధ యంత్రము ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఒక లోపమును పట్టినది. అది 1995 నాటి ఒక వీడియో ఆటలో వాడిన పాత చిత్రరూపమును విప్పు భాగములోనిది. లోపము నిజమే, సవరించిరి కూడ. కాని ఇంత ధనవంతమైన సంస్థ యంత్రములు పెట్టి లోపములు వెదకి, గడువు పెట్టి, జీతము లేనివారి బల్లపై పడవేయుట న్యాయమా అని ఆ స్వచ్ఛంద సేవకులు బహిరంగముగా అడిగిరి. భద్రతా లోపము నిజమైనప్పుడు దాచియుంచుట ప్రజలకు మంచిదికాదను గూగుల్ వారి వాదమును త్రోసివేయరాదు. ఐనను సేవకుల ప్రశ్న న్యాయమైనది. అదే సంవత్సరము జూనులో, లెక్కలేనన్ని వ్యవస్థలలో వాడబడు లిబ్‌ఎక్స్ఎంఎల్2 అను గ్రంథాలయమును పోషించువారు, ఇకపై భద్రతా ఫిర్యాదులకు ప్రత్యేక మర్యాద ఉండదనియు, సామాన్య లోపములవలెనే చూతుననియు ప్రకటించిరి. వారమునకు కొన్ని గంటలు ఉచితముగా వానికే ధారపోయుచు విసిగిన మనిషి మాట అది.

కర్ల్ కథ ఇంకను విచారకరము. డేనియల్ స్టెన్‌బర్గ్ నడుపు ఆ ప్రాజెక్టులో లోపమును కనుగొన్నవారికి 2019 నుండి బహుమానమిచ్చు పద్ధతి ఉండెను. కృత్రిమ మేధ వచ్చిన పిమ్మట, మంచి భాషలో, క్రమమైన శీర్షికలతో, వినయ వచనములతో, లోపల సత్యము లేని ఫిర్యాదులు బహుమానమునకై వరుసకట్టినవి. పూర్వము చెడ్డ ఫిర్యాదు మొదటి వాక్యమునందే తెలిసిపోవుచుండెను. వీనిని తుదివరకు చదివి, పరీక్షించినగాని బూటకమని తెలియదు. 2026 జనవరి చివర ఆ బహుమానమునే ఎత్తివేసిరి. యంత్రమే దోషి యనుటకును వీలులేదు. 2025 సెప్టెంబరులో ఒక పరిశోధకుడు ఇట్టి కృత్రిమ మేధ ఉపకరణములతోనే అదే కర్ల్‌లో వెదకి పంపిన జాబితా వలన పదులకొలది నిజమైన లోపములు సవరింపబడినవి. స్టెన్‌బర్గే దానిని మెచ్చుకొనెను. అతడు యంత్రము చెప్పినదానిని తాను చదివి, ఏరి, పిదప పంపినాడు. తక్కినవారు చదువక పంపిరి.

కెర్నెలులో ఒక ఆచారమున్నది. లోపమును తెలిపినవారి పేరును, దానిని తీర్చిన మార్పు క్రింద శాశ్వతముగా వ్రాయుదురు. సిజ్‌బాట్ తన ప్రతి ఫిర్యాదులోను ఆ పంక్తిని ముందే వ్రాసి, చేర్చుమని కోరును. నిర్మాతలు చేర్చుచున్నారు. కావున లినక్స్ చరిత్రలో వేల మార్పుల క్రింద ఆ యంత్రపు పేరు కనబడును. చిన్న పెట్టెలో మీట నొక్కి, రెండు మాటలు వ్రాసి పంపిన మనిషి పేరుకు అట్టి స్థలమును ఇంకను ఏర్పరుపవలసి యున్నది.